చేతిపని ముచ్చట: సగం తిప్పిన పచ్చి గిన్నెను ఎట్ల దాచాలె

ఈ నెల భివండి నుంచి ఒక తమ్ముని ఉత్తరం వచ్చింది. రాత్రిపాళిలో సాంచలు నడుపుతడు. భిశీ ఎత్తుకున్న పైసలతోని పాత లేత్ ఒకటి కొన్నడు. వానకు పడ్డ వేపచెట్టు కట్టె దొరికితే సెలవు దినాల్లో కూసొని 14 గిన్నెలు తిప్పిండు. పూర్తిగా కాదు, సగం పని చేసి రేకుల గదిలో ఒక మూలకు పేర్చిండు. వారం తర్వాత చూస్తే 9 గిన్నెలు పగిలి ఉన్నయి. "కాకా, దీపావళికి 30 గిన్నెలు ఇస్తనని దుకాణం సేటుకు మాటిచ్చిన. భిశీ ఇంకా 8 నెలలు కట్టేది ఉన్నది. ఈ పని నాతోని అయితదా, లేత్ అమ్ముకోవాల్నా?" అని అడిగిండు.

లేత్ అమ్మొద్దు తమ్మీ. గిన్నె తిప్పుడు ఒక పని. తిప్పిన గిన్నెను మళ్లా లేత్ ఎక్కించేదాక కాపాడుడు ఇంకొక పని. మొదటిది నీకు వచ్చింది. రెండోదానికి బలం అక్కరలేదు, మిషన్ అక్కరలేదు. కాగితం, తూకం, ఓపిక ఉంటే చాలు. దీపావళి మాట చివర చెప్త. ముందు ఆ 9 గిన్నెలు ఎందుకు పగిలినయో తెలుసుకోవాలె. అది తెలిస్తే మిగిలిందంతా నీకే అర్థమైతది.

మిల్లులో పని చేసినోళ్లకు నీళ్ల సంగతి కొత్తగా చెప్పేది లేదు. 100 కిలోల పూర్తిగా ఎండిన పత్తికి 8.5 కిలోల తేమ ఉండాలని తూకం లెక్క. ఖాతాలో గాలి ఎండితే పోగులు టపటపా తెగుతయి. అందుకే మగ్గాల ఖాతాలో పొద్దుమాపు నీటి తుంపర కొట్టేది. పత్తి ఎట్లనో కట్టె కూడా అట్లనే. గాలిలో తేమ ఉంటే తాగుతది, గాలి ఎండితే ఇస్తది. నేను కార్పెంటర్ ఖాతాలో ఉన్నన్ని రోజులు బాబిన్లకు, నాడెలకు, పికింగ్ స్టిక్కులకు ముందుగ చూసేది కట్టె ఆరిందా లేదా అనే. తడి కట్టెతో చేసిన బాబిన్ కొన్నాళ్లకు కోలగా అయితది. నిమిషానికి వేల చుట్లు తిరిగే కదురు మీద అది ఊగుతది, పోగు తెంపుతది. గిన్నె కథ కూడా అదే.

పచ్చి కట్టెలో నీళ్లు రెండు తీర్లుగ ఉంటయి. కట్టె లోపలి సన్న గొట్టాల్లో ఉండే నీళ్లు ఒకటి. ఆ గొట్టాల గోడల్లోకి ఇంకిన నీళ్లు రెండోది. తడి ధోతి పిండితే నీళ్లు కారుతయి గద, అవి మొదటి తీరు. పిండినాక కూడా బట్ట తడిగనే ఉంటది, అది రెండో తీరు. మొదటి నీళ్లు పోయేటప్పుడు కట్టె బరువు తగ్గుతది గని కుంచుకపోదు. ఎండు కట్టె బరువు 100 అనుకుంటే, నీళ్లు 30 దగ్గరికి వచ్చినాక గోడల్లోని నీళ్లు పోవుడు షురువైతది. అప్పటి నుంచే కట్టె కుంచుకపోతది.

కుంచుకపోవుడు కూడా అన్ని దిక్కులా ఒక్క తీరుగ ఉండదు. చెట్టు నిలువు దిక్కున దాదాపు ఏమీ ఉండదు. చావ నుంచి బెరడు దిక్కున కొంత ఉంటది. చుట్టు తిరిగే గీతల వెంట దానికి సుమారు రెండింతలు ఉంటది. అందుకే గుండ్రంగ తిప్పిన గిన్నె ఆరినాక కోడిగుడ్డు తీరుగ కోల అయితది. ఇది తప్పు కాదు, కట్టె గుణం. మనం దీనికి జాగ ఇడిచి పని చేయాలె.

ఇంకొక సంగతి. కట్టె కొసల నుంచి నీళ్లు పక్కల కంటే ఎన్నో రెట్లు జల్దిగ పోతయి. గిన్నె తిప్పినప్పుడు అంచు మీద ఎదురుబొదురుగ రెండు చోట్ల ఆ కొసలు తేలుతయి. చేత్తో తడిమితే గరుకుగ ఉంటది, అదే గుర్తు. అక్కడ పైపొర ఎండి కుంచుకపోవాలని చూస్తది. లోపలి పొర ఇంకా తడిగ ఉండి కుంచుకపోనియ్యదు. ఆ గుంజుడులో కట్టె చీలుతది. రేకుల గదిలో పగలంతా వేడి, పైనుంచి ఫ్యాన్ గాలి. తొమ్మిది పోయినయి అంటే ఆశ్చర్యం లేదు, ఐదు మిగిలినందుకు సంతోషపడాలె.

ఎండుడు వల్ల కట్టె పగలదు. ఒక పక్క జల్దిగ, ఒక పక్క నిమ్మలంగ ఎండితే పగులుతది. ఈ నెల ముచ్చటంతా ఈ ఒక్క మాట మీదనే ఉన్నది.

ఇక్కడ కొందరికి ఒక అనుమానం వస్తది. ముందుగ కట్టెను ఎండబెట్టి తర్వాత తిప్పితే గొడవ లేదు గద అని. సన్న కట్టెకు ఆ మాట నిజమే. ఏటికొప్పాకలో అంకుడు కర్రతోని బొమ్మలు చేసేటోళ్లు బెరడు తీసి, కర్రను ఆరబెట్టినాకనే లేత్ మీద పెడుతరు. మైసూరు దారిలో ఉన్న చన్నపట్నలో కూడా అదే జాతి చెట్టు కర్ర, అదే పద్ధతి. బొమ్మకు చారెడు కర్ర చాలు. గిన్నెకు అట్ల కుదరదు. 10 అంగుళాల గిన్నెకు బండలాంటి దిమ్మె కావాలె. అంత దిమ్మె లోపలిదాక ఆరాలంటే ఏండ్లు పడుతది, ఆరేలోపు నడుమ చీలుతది. అందుకే పచ్చిగ ఉన్నప్పుడే మందంగ తిప్పి, లోపల ఖాళీ చేసి, ఆరబెట్టి, మళ్లా తిప్పుతరు. ఈ రెండు తిప్పుళ్ల నడుమ కాలమే అసలు పరీక్ష.

మొదలు చిన్న ఎడం సంగతి చెప్త. అన్నానికి లేచినవ్, కరెంటు పోయింది, పాళి టైమ్ అయింది, మళ్లా రేపో ఎల్లుండో కూసుంటవ్. అప్పటిదాక గిన్నె ఎండకుంట చూసుడే పని. మన ఆడోళ్లకు ఇది నా కంటే బాగ తెలుసు. బీడీ చేసేటప్పుడు తునికాకును తడిపి తడి బట్టలో చుట్టి పెడుతరు. ఎందుకు? ఆకు ఎండితే కత్తెర పడంగనే చిట్లుతది. గిన్నెకు కూడా అదే మర్యాద చేయాలె.

గంటో రెండు గంటలో అయితే తడి గోనెగుడ్డ కప్పితే చాలు. రాత్రంతా అయితే తిప్పిన తడి పొట్టును గిన్నె నిండ పోసి, పాలిథీన్ సంచిలో పెట్టి మూతి కట్టాలె. రెండు మూడు రోజుల దాక ఏం కాదు. వారం ఆగాలంటే దినాం సంచిని తిరగేసి, లోపలి చెమ్మ బయటికి వచ్చేటట్టు చేసి మళ్లా కట్టాలె. అట్ల చేయకుంటే బూజు పట్టి నల్ల మచ్చలు పడుతయి, ఆ మచ్చలు లోపలికి దిగుతయి. పాలిథీన్ లేకుంటే నీళ్ల బకెట్‌లో ముంచిపెట్టొచ్చు. రోజు విడిచి రోజు నీళ్లు మార్చాలె, లేకుంటే వాసన పడుతది.

గిన్నెను రాత్రంతా ఇనుప చక్‌కు బిగించి ఇడవొద్దు. తెల్లారేసరికి కోల అయి చక్‌లో ఊగుతది. తుమ్మ లాంటి వగరు ఎక్కువున్న కట్టెలైతే ఇనుము తగిలిన చోట నీలి నలుపు మరక పడుతది. ఆ మరక జల్దిగ పోదు. ఇంకొక జాగ్రత్త: గోడ పలుచగ చేసుడు షురు చేస్తే నడుమ లేవొద్దు. పలుచని గోడ చూస్తుండంగనే వంకర పోతది. టైమ్ ఉన్నప్పుడే ఆ పని పట్టాలె.

ఇప్పుడు పెద్ద ఎడం, నెలల లెక్క. ఇక్కడ గిన్నె ఎండాలె, గని నిమ్మలంగ ఎండాలె. దీని కోసం తిప్పేటప్పుడే మూడు సంగతులు చూసుకోవాలె.

చెట్టు నడుమ ఉండే చావను గిన్నెలో ఉంచొద్దు. దిమ్మెను చావ మీదుగ నిలువునా కోసి, చావను రెండు పక్కల నుంచి తీసేసినాకనే గిన్నెకు వాడాలె. చావ ఉన్న గిన్నె నూటికి తొంభై పాళ్లు అక్కడి నుంచే చీలుతది.

గోడ మందం గిన్నె వెడల్పులో పదో వంతు ఉండాలె. 10 అంగుళాల గిన్నెకు ఒక అంగుళం, 6 అంగుళాల గిన్నెకు అర అంగుళం కంటే కొద్దిగ ఎక్కువ. 10 అంగుళాల గిన్నె ఆరేటప్పుడు ఒక దిక్కు కంటే ఇంకో దిక్కు సుమారు పావు అంగుళం ఎక్కువ కుంచుకపోతది. అంగుళం మందం ఉంటే మళ్లా గుండ్రంగ తిప్పినా మంచి గోడ మిగులుతది. ఇంకా మందంగ ఉంచితే నష్టం లేదనుకోవద్దు. మందం ఎక్కువైతే లోపలికి, బయటికి తేడా పెరిగి పగులుతది.

అడుగు కూడా గోడంత మందమే ఉండాలె. అడుగు రెండంగుళాలు ఇడిచి, గోడ అంగుళం చేస్తే గోడ ముందు ఎండి అడుగును గుంజుతది. అడుగున చక్ పట్టే బొడ్డును మాత్రం అట్లనే ఇడవాలె. అది కూడా కోల అయితది, తర్వాత సరిచేసుకునేటంత కండ ఉంచాలె.

తిప్పుడు అయినంక అదే రోజు, వీలైతే అదే గంటలో, కొసలు తేలిన చోట పూత పెట్టాలె. సైజింగ్ ఖాతాలో పడుగుకు గంజి పట్టించి పోగును కాపాడినట్టే ఇది. కొవ్వొత్తి మైనం కరిగించి పూయొచ్చు. మైనాన్ని పొయ్యి మీద నేరుగ పెట్టొద్దు, భగ్గుమంటది. నీళ్ల గిన్నెలో ఇంకో డబ్బా పెట్టి కరిగించాలె. మైనం వద్దనుకుంటే ఫెవికాల్ రెండు పూతలు, లేకుంటే ఇంట్ల మిగిలిన పాత రంగు. అంచు మీద, లోపల బయట ఆ గరుకు జాగలంతా పూయాలె. మిగతా గిన్నెకు పూత వద్దు, నీళ్లు పోవాలంటే ఏదో ఒక దారి ఉండాలె గద.

తర్వాత కాగితం. మందపు కాగితం సంచి దొరికితే అందులో, దొరకకుంటే మూడు నాలుగు పొరల పాత పేపర్‌లో గిన్నెను చుట్టాలె. ప్లాస్టిక్ నీళ్లను పోనియ్యదు, ఖాళీగ ఇడిస్తే ఒక్కసారే పోతయి. కాగితం ఈ రెండింటి నడుమ నిలుస్తది. ఎండకాలం అయితే ఎండిన పొట్టు కూడా సంచిలో పోయొచ్చు. వానకాలం పొట్టు పోయొద్దు, బూజు పడుతది. మొదటి రెండు వారాలు రెండు రోజులకొకసారి కాగితం ముట్టి చూడాలె. తడిసి మెత్తగ ఉంటే మార్చి పొడి కాగితం చుట్టాలె.

జాగ కూడా ముఖ్యమే. రేకుల కింద, అటకెక్కించి, పొయ్యి పక్కన, కిటికీ ఎండలో పెట్టొద్దు. ఇంట్ల అన్నిటికంటే చల్లటి జాగ మంచం కింద ఉంటది. నేల మీద నేరుగ పెట్టకుంట రెండు కట్టెలు పరిచి, వాటి మీద గిన్నెలు బోర్లించాలె. ఒకదాంట్లో ఒకటి ఇమడ్చొద్దు, నడుమ గాలి ఆడాలె. పురుగుమందు పొడి చల్లే అలవాటు కొందరికి ఉంటది, తినే గిన్నెలకు ఆ పని అసలే చేయొద్దు. పురుగు తెల్ల కట్టెకు, అంటే బెరడు పక్క కట్టెకు ఎక్కువ పడుతది. మామిడికి మరీ ఎక్కువ. నెలకొకసారి తీసినప్పుడు సన్నటి పిండి రాలుతుందా అని చూడాలె. రాలితే ఆ గిన్నెను వేరే పెట్టాలె.

ఊరును బట్టి కూడా లెక్క మారుతది. మా షోలాపూర్‌లో ఎండకాలం గాలి నిప్పు లెక్క ఉంటది. చైత్ర, వైశాఖాల్లో తిప్పిన గిన్నెకు కాగితం రెండింతలు చుట్టాలె. భివండి, ముంబై దిక్కున వానకాలం నాలుగు నెలలు గాలే తడిగ ఉంటది. అక్కడ పగుళ్ల భయం తక్కువ, బూజు భయం ఎక్కువ. యానాంలో గోదారి ఒడ్డున ఉన్నోళ్లకు కూడా అంతే. తడి ఊళ్లో ఆరిన గిన్నె ఎండు ఊరికి పోతే ఇంకా కొంత కుంచుకపోతది. భివండిలో చేసి షోలాపూర్‌లో అమ్మేటోళ్లు ఇది యాది పెట్టుకోవాలె.

ఇప్పుడు తూకం. ఆరిందా లేదా అని చేత్తో ముట్టి చెప్పుడు కాదు, త్రాసు చెప్తది. తిప్పిన రోజే గిన్నె అడుగున పెన్సిల్‌తోని తారీఖు, చెట్టు పేరు, బరువు రాయాలె. 15 రోజులకొకసారి తూచి దాని కిందనే రాయాలె. ఉదాహరణకు 10 అంగుళాల వేప గిన్నె మొదటి రోజు 2 కిలోల 200 గ్రాములు ఉన్నదనుకో. మొదటి నెలలో బరువు జర జర దిగుతది. తర్వాత నిమ్మళిస్తది. ఏ నాలుగో నెలకో, ఆరో నెలకో 1 కిలో 450 దగ్గరికి వచ్చి ఆగుతది. వరుసగ మూడు తూకాలు బరువు ఒక్క తీరుగ ఉంటే గిన్నె ఆరినట్టే. మొదటి వారంలోనే ఎక్కువ దిగితే కాగితం తక్కువైనట్టు, ఇంకో పొర చుట్టాలె. నెల అయినా ఏం దిగకుంటే గాలి తగలనట్టు, ఒక పొర తియ్యాలె. కిరాణా దుకాణంలో ఉండే చిన్న త్రాసు సరిపోతది, ఒక చాలీకి ఒకటి కొనుక్కున్నా నడుస్తది.

ఆరిన గిన్నెను లేత్ మీదికి తెచ్చే ముందు వెలుతురులో తిప్పి చూడాలె. వేలితోని కొట్టి వినాలె. ఖణేల్ మంటే మంచిది, బద్ద చప్పుడు వస్తే ఎక్కడో పగులు ఉన్నది. ఈ పార నుంచి ఆ పారకు పోయిన పగులు ఉంటే ఆ గిన్నెను లేత్‌కు ఎక్కించొద్దు. తిరిగేటప్పుడు ముక్కలై మొఖానికి కొడితే కన్ను పోతది. గిన్నె పోతే పోనీ. మంచి గిన్నెకు కూడా ముందుగ బొడ్డును మళ్లా గుండ్రం చేసి చక్‌కు పట్టాలె. కోల గిన్నె ఊగుతది కాబట్టి అన్నిటికంటే నిదానం వేగంతో షురు చేసి, గుండ్రం అయినాక పెంచాలె. మొఖానికి అద్దం తొడుగు లేకుండ కూసోవద్దు.

ఇప్పుడు తమ్మీ, నీ దీపావళి మాట. ఇప్పుడు ఆషాఢం. పండుగకు మూడు నెలల పైచిలుకు ఉన్నది. 10 అంగుళాల గిన్నెలు ఈ పద్ధతిలో పండుగకు కావు. అవి ఉగాది దాక పడుతయి. ఈ మాట సేటుకు ఇప్పుడే చెప్పాలె, పండుగకు నాలుగు రోజుల ముందు కాదు. ఆరని గిన్నెకు నూనె రాసి మెరిపించి అమ్మొచ్చు, ఎవ్వరికీ తెల్వదు. కొన్నోళ్ల ఇంట్ల నెల దిరగకముందే చీలుతది. అప్పుడు ఆ సేటు నీకు మళ్లా పని ఇయ్యడు, ఇంకో సేటుకు కూడా చెప్తడు. లేత్‌ను పగిలిన గిన్నెలు అమ్మియ్యవు, పోయిన మాట అమ్మిస్తది.

అట్లని చేతులు కట్టుకొని కూసోవుడు కూడా అక్కరలేదు. రెండు దార్లు ఉన్నయి.

మొదటిది, చిన్న గిన్నెలు. 5, 6 అంగుళాల గిన్నెలను పదో వంతు మందంతో తిప్పి, వంటకు వాడని పాత డేగ్‌లో నీళ్లు పోసి ఉడకబెట్టు. అంగుళం మందానికి గంట లెక్క, నీ గిన్నెలకు ఇంచుమించు అరగంట చాలు. వేప ఉడికితే చేదు వాసన వస్తది, బయట పొయ్యి మీద పెట్టు. చల్లారినాక తీసి, పైతడి ఆరనిచ్చి, కొసలకు పూత పెట్టి కాగితం చుట్టు. ఉడికిన కట్టె జల్దిగ ఆరుతది, పగుళ్లు కూడా తక్కువ. రంగు మాత్రం కొంచెం మాసినట్టు అయితది. ఇవి పండుగకు అందే ఆశ ఉన్నది. అయినా త్రాసు ఆగినాకనే పూర్తి చేయి.

రెండోది, ఒక్కసారే తిప్పే గిన్నెలు. పచ్చి కట్టెనే ఒక్క కూసుండుడులో పావు అంగుళం మందం దాక, అంచు నుంచి అడుగు దాక ఒక్క తీరుగ తిప్పు. పలుచని గోడ రెండు పక్కలా ఒక్క తీరుగ ఆరుతది, ఒకటి రెండు వారాల్లో అయిపోతది. కోలగ, వంకరగ అయితది గని పగిలేది తక్కువ. ఆ వంకర కొందరికి నచ్చుతది. రెండు చేసి సేటుకు చూపించు, ఒప్పుకుంటేనే మిగిలినయి చెయ్యి.

నీ దగ్గర బాగున్న 5 గిన్నెలకు ఈ ఉత్తరం చదివిన దినమే పూత పెట్టి, తూచి, కాగితం చుట్టి మంచం కిందికి పంపు. పగిలిన 9లో అంచు మీద వెంట్రుకంత చీలిక ఉన్నవి ఉంటే, ఆ అంచును కోసి చిన్న గిన్నెలు చేసుకోవచ్చు. మిగిలినవి స్నానం నీళ్ల పొయ్యికి పనికొస్తయి. భిశీ 8 నెలలు ఉన్నది అన్నవ్. ఇయ్యాల చుట్టిపెట్టిన పెద్ద గిన్నెలు ఆ ఎనిమిదో నెల లోపల్నే ఆరుతయి. నెలకు నాలుగు చుట్టిపెడుతూ పో. వచ్చే ఏడు నుంచి నెలకు నాలుగు ఆరినవి నీ చేతికి వస్తనే ఉంటయి.

వచ్చే నెల, ఆరి పూర్తయిన గిన్నెకు ఏ నూనె రాయాలె, ఎన్నిసార్లు రాయాలె, తినే గిన్నెకు ఏది వద్దు అనేది చెప్త. ఎవరైనా చింత, నేరేడు, తుమ్మ కట్టెలతో గిన్నెలు తిప్పి తూకాలు రాసుకొని ఉంటే, చెట్టు పేరు, మందం, ఎన్ని నెలలు పట్టింది, మూడు ముక్కలు రాసి పంపండి. ఈ పేజీలో వేస్తం, పది ఇండ్లకు పనికొస్తది.